ఊళ్లో వాలీబాల్ టోర్నమెంటు: మ్యాచ్ ఆడించడం, స్కోరు రాయడం మొదటి నుంచి చివరిదాకా

వాలీబాల్‌లో పాయింటు ఎలా వస్తుందో మా ఉద్దానం వైపు ఏ గుంటణ్ని అడిగినా చెప్పేస్తాడు. బాలు మన కోర్టులో పడితే వాళ్లకి, వాళ్ల కోర్టులో పడితే మనకి. అదే గుంటణ్ని సంక్రాంతి టోర్నమెంటులో స్కోరర్ బల్ల దగ్గర కూర్చోబెట్టి, "ఇప్పుడు సర్వీసు ఏ నంబరుది?" అని అడగండి, నీళ్లు నములుతాడు. స్మాష్ లైను మీద పడిందా, బయట పడిందా అన్న దగ్గరే గొడవలు పుడతాయని అందరూ అనుకుంటారు. నేను చూసినంతలో పెద్ద గొడవలన్నీ కాగితం దగ్గర పుట్టినవే. సర్వీసు వరస ముందే రాసుకోలేదు, మూడో సెట్ ఎన్ని పాయింట్లో ముందే చెప్పలేదు, లీగులో సమానంగా వస్తే ఏం చెయ్యాలో తేల్చుకోలేదు.

అందుకని ఇది ఆడేవాళ్ల కోసం కాదు, ఆడించేవాళ్ల కోసం.

మొదటి పని: మ్యాచ్ ఎంత పొడుగో తేల్చడం

నిబంధనల ప్రకారం మ్యాచ్ అంటే ఐదు సెట్లలో మూడు గెలవడం. మొదటి నాలుగు సెట్లు 25 పాయింట్లకు, ఐదోది 15కు. ఏ సెట్ అయినా కనీసం 2 పాయింట్ల తేడా ఉంటేనే ముగుస్తుంది. 24-24 దగ్గర ఆగితే 26-24 కావాలి, లేకపోతే 27-25, అలా 31-29 దాకా పోయినా పోతుంది. పై హద్దు లేదు. ఐదో సెట్‌లోనూ అంతే, 14-14 అయితే 16-14 కావాలి. ఎవరైనా వరుసగా మూడు సెట్లు కొట్టేస్తే మ్యాచ్ అక్కడికి సరి.

రెండు రోజుల పండగ టోర్నమెంటులో అన్ని మ్యాచులూ ఐదు సెట్లు పెడితే తెల్లారిపోతుంది. మూడింట రెండు పద్ధతి మేలు. రెండు సెట్లు 25కు, మూడోది 15కు పెట్టి, ఐదు సెట్ల ఆట ఫైనల్‌కు ఉంచుకోండి. కొన్ని ఊళ్లలో 24-24 రాగానే "ముందు కొట్టినోడిదే" అంటారు. అది నిబంధనల్లో లేదు, టైము చాలక పెట్టుకున్న ఏర్పాటు. పెట్టుకుంటే పెట్టుకోండి గానీ, కరపత్రంలో అచ్చు వెయ్యండి. 24-24 అయ్యాక మైకులో చెబితే ఎవరూ ఊరుకోరు. టీవీలో ప్రైమ్ వాలీబాల్ చూసిన కుర్రాళ్లు 15 పాయింట్ల సెట్లు, సూపర్ పాయింటు కావాలంటారు. అవి ఆ లీగు తనకోసం పెట్టుకున్న పద్ధతులు, మామూలు మ్యాచుకు వర్తించవు.

నాకౌట్ అయితే జట్ల సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే ఎన్ని మ్యాచులో వచ్చేస్తుంది. 16 జట్లకు 15 మ్యాచులు, 11 జట్లకు 10. పదకొండు వచ్చినప్పుడు 2, 4, 8, 16 వరసలో దానికి పైనున్న 16లోంచి 11 తీసేయండి. మిగిలిన 5 జట్లకు బై, అంటే మొదటి రౌండు ఆడకుండానే ముందుకు పోతాయి. తక్కిన 6 జట్లు 3 మ్యాచులు ఆడితే గెలిచిన 3, బై వచ్చిన 5 కలిపి 8 అవుతాయి, క్వార్టర్స్ సిద్ధం. బైలు మాత్రం కెప్టెన్ల ఎదుట చీటీలు వేసి తియ్యండి. సొంత ఊరి జట్టుకు చాటుగా బై ఇచ్చారన్న పేరు వస్తే ఏళ్ల తరబడి పోదు.

రెండో పని: కోర్టు, నెట్టు

కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. లైను మందం 5 సెంటీమీటర్లు. ఆ మందం కోర్టు లోపలి కొలతలోకే వస్తుంది, అందుకే లైనుకు అంచు తగిలినా బాలు ఇన్నే. చుట్టూ కనీసం 3 మీటర్ల ఖాళీ ఉంచాలి. నడి గీతకు రెండు పక్కలా 3 మీటర్ల దూరంలో అటాక్ లైను గియ్యాలి.

తాడు పట్టుకుని గీసేటప్పుడు కోర్టు వంకర పోవడం మామూలే. ఒక సగం, అంటే 9 మీటర్ల చదరం గీశాక మూల నుంచి మూలకు కొలవండి. రెండు వైపులా 12.73 మీటర్లు వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టు. రాకపోతే ముగ్గు పొయ్యకముందే సరిచెయ్యండి. ఉత్తర దక్షిణాలుగా వేస్తే సాయంత్రం ఎండ ఏ జట్టు కళ్లలోనూ నేరుగా పడదు. కొబ్బరి తోట పక్కన వేస్తే పైన మట్టలు చూసుకోండి. కోర్టు పైన 7 మీటర్ల ఎత్తు దాకా ఏదీ అడ్డం ఉండకూడదు. ఎంత బాగా లేపినా బాలు మట్టకు తగిలిందంటే ఔటే.

నెట్టు ఎత్తు మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24. నడిమధ్య కొలవాలి. చివరలు 2 సెంటీమీటర్లకు మించి పైకి ఉండకూడదు, రెండు చివరలూ సమానంగా ఉండాలి. 2.43 దగ్గర గీత పెట్టిన కర్ర ఒకటి బల్ల దగ్గర ఉంచుకోండి. ప్రతి మ్యాచుకూ ముందు కొలవాలి, ఎందుకంటే మట్టి నేలలో పాతిన స్తంభాలు సాయంత్రానికి లోపలికి వంగుతాయి, నెట్టు నడుము జారుతుంది. పక్క లైన్లకు నేరుగా నెట్టుకు నిలువుగా కట్టే కడ్డీలు, అంటే యాంటెన్నాలు, లేకపోతే స్మాష్ లోపలి నుంచి వచ్చిందా బయటి నుంచి వచ్చిందా అని ప్రతిసారీ తగువే. బాలు యాంటెన్నాకు తగిలితే ఔట్.

మూడో పని: ఎవరు ఎక్కడ

నెట్టు చివర ఎత్తు మీద ఉండేది మొదటి రిఫరీ, చివరి మాట ఆయనదే. ఎదురు వైపు నేల మీద ఉండేది రెండో రిఫరీ. నెట్టు టచ్, నడి గీత దాటడం, రిసీవ్ చేసే జట్టు నిలబడిన వరస, టైమవుట్, సబ్‌స్టిట్యూషన్ ఆయన చూసుకుంటాడు. ఆయన వెనక బల్ల దగ్గర స్కోరర్. లైనుమెన్ నలుగురు ఉంటే మంచిది, ఇద్దరే దొరికితే ఎదురెదురు మూలల్లో నిలబెట్టండి. జెండా కిందికి చూపిస్తే ఇన్, నిలువుగా పైకెత్తితే ఔట్, పైకెత్తి పైన రెండో అరచెయ్యి ఆనిస్తే బ్లాకర్ (నెట్టు దగ్గర ఎగిరి అడ్డుకునేవాడు) చేతికి తగిలి వెళ్లిందని. ఆడుతున్న జట్ల ఊరివాణ్ని లైను మీద పెట్టకండి. వాడు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

తీర్పు అర్థం కాకపోతే అడిగే హక్కు కోర్టులో ఉన్న కెప్టెన్‌కే ఉంది. ఈ ఒక్క మాట మ్యాచుకు ముందే గట్టిగా చెప్పి ఉంచితే పదిమంది బల్ల మీద పడడం తగ్గుతుంది.

నాలుగో పని: టాస్, లైనప్ చీటీ

టాస్ గెలిచినవాడు సర్వీసో రిసీవో, లేదా ఏ వైపో కోరుకోవచ్చు. రెండూ కాదు. మిగిలింది రెండోవాడికి. మన తీరంలో మధ్యాహ్నం తర్వాత సముద్రం గాలి తిరుగుతుంది, తెలివైన కెప్టెన్ సర్వీసు వదిలేసి వైపు కోరుకుంటాడు. సెట్ అయ్యాక జట్లు వైపు మారతాయి, కిందటి సెట్‌లో మొదట రిసీవ్ చేసిన జట్టు ఈసారి మొదట సర్వీసు చేస్తుంది. సెట్టుకీ సెట్టుకీ మధ్య 3 నిమిషాలు. ఆఖరి సెట్‌కు మళ్లీ టాస్ వెయ్యాలి. ఆ సెట్‌లో ఏ జట్టయినా 8 పాయింట్లకు రాగానే వైపు మార్చాలి, గాలి, ఎండ ఇద్దరికీ సమానం కావడానికి. ఆటగాళ్ల వరస మాత్రం మారదు.

టాస్ అయ్యాక ఇద్దరు కెప్టెన్ల దగ్గరా లైనప్ చీటీ రాయించుకోండి. దీన్ని వదిలేసినవాడు స్కోరు బుక్కు తెరవనక్కర్లేదు. కోర్టులో ఆరు స్థానాలు ఉంటాయి. వెనక కుడి మూల 1, దాని ముందు నెట్టు దగ్గర 2, నెట్టు మధ్య 3, నెట్టు ఎడమ 4, వెనక ఎడమ 5, వెనక మధ్య 6. ఒక్కో స్థానానికి ఎదురుగా చొక్కా నంబరు. సర్వీసు చేసేది ఎప్పుడూ 1లో ఉన్నవాడే.

పాయింటు ఎవరికి

ఇప్పుడున్నది ర్యాలీ పాయింటు. ర్యాలీ అంటే సర్వీసు కొట్టిన దగ్గర్నుంచి బాలు ఆగేదాకా సాగే ఆట. సర్వీసు ఎవరిదైనా ర్యాలీ గెలిచిన జట్టుకు పాయింటు వస్తుంది. సర్వీసు చేసిన జట్టే గెలిస్తే అదే ఆటగాడు మళ్లీ చేస్తాడు. రిసీవ్ చేసిన జట్టు గెలిస్తే దానికి పాయింటూ సర్వీసూ రెండూ వస్తాయి, జట్టంతా గడియారం ముల్లు తిరిగే వైపు ఒక స్థానం జరుగుతుంది.

ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ "సర్వీసు మారింది, పాయింటు లేదు" అంటుంటారు. అది వాళ్లు ఆడిన రోజుల లెక్క. అప్పుడు సెట్ 15కే, పాయింటు మాత్రం సర్వీసు చేసే జట్టుకే వచ్చేది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో మన జట్టు కాంస్యం గెలిచింది ఆ పద్ధతిలోనే. పి.వి. సింధు నాన్న పి.వి. రమణ ఆ జట్టులో ఉన్నారు. ఆఖరి సెట్‌కు ర్యాలీ పాయింటు 1988లో వచ్చింది, అన్ని సెట్లకూ పెట్టాలని 1998లో నిర్ణయించారు. సర్వీసు నెట్టుకు తగిలి అవతల పడితే తప్పు అన్నది కూడా పాత మాటే. ఇప్పుడు అది మామూలు సర్వీసు, ఆట సాగాలి.

స్కోరు రాసే తీరు

అచ్చు స్కోరు షీటు దొరికితే సరే, లేకపోతే పొడుగు నోటు పుస్తకం చాలు. పేజీని నిలువుగా రెండు భాగాలు చెయ్యండి, జట్టుకో భాగం. ప్రతి భాగం పక్కన 1 నుంచి 30 దాకా అంకెలు రాసుకోండి, పాయింటు వచ్చినప్పుడల్లా ఒకటి కొట్టేస్తూ పొండి. కింద ఆరు గళ్లు గీసి సర్వీసు వరసలో చొక్కా నంబర్లు రాయండి.

ఆ వరస దగ్గరే కొత్తవాళ్లు బోల్తా పడతారు. ఉదాహరణ చూడండి. సోంపేట జట్టు మొదట సర్వీసు చేస్తోంది. 1 నుంచి 6 దాకా స్థానాల్లో 7, 4, 11, 2, 9, 5 నంబర్లు ఉన్నారు. జట్టు తిరిగినప్పుడు 2లో ఉన్నవాడు 1కి వస్తాడు, కాబట్టి వాళ్ల సర్వీసు వరస అలాగే 7, 4, 11, 2, 9, 5. అవతల టెక్కలి జట్టు స్థానాలు 10, 3, 8, 1, 6, 12. వాళ్లది రిసీవ్. వాళ్లకు సర్వీసు రాగానే ముందు తిరుగుతారు, కాబట్టి మొదటి సర్వీసు 1లో ఉన్న 10 ది కాదు, 2లో ఉన్న 3 ది. వాళ్ల వరస 3, 8, 1, 6, 12, 10. రిసీవ్ జట్టు తిరగకుండా 10 చేత సర్వీసు కొట్టించడం ఊరి మ్యాచుల్లో రోజూ జరిగేదే. అచ్చు షీటులో రిసీవ్ జట్టు మొదటి గడిలో ఇంటూ మార్కు పెట్టేది ఇందుకే.

ఇక ఆట. సోంపేట 7 నంబరువాడు సర్వీసు చేసి రెండు పాయింట్లు గెలిచాడు, 2-0. తర్వాతి ర్యాలీ టెక్కలిది, 2-1. వెంటనే 7 గడిలో "2" అని రాయండి. వాడి వంతు ముగిసేసరికి వాళ్ల జట్టు స్కోరు అది. ఇప్పుడు టెక్కలి 3 నంబరువాడి సర్వీసు. రెండు గెలిచాడు, 2-3. తర్వాతిది పోయింది, 3-3. 3 గడిలో "3" రాయండి. సోంపేట తిరుగుతుంది, సర్వీసు 4 ది. ఈ గడులు నిండుతూ ఉంటే "ఇందాక ఈడే కదా సర్వీసు చేసినాడు మాస్టారూ!" అని ఎవరు అరిచినా పుస్తకం తిప్పి చూపించవచ్చు. ఆరోవాడి వంతు అయ్యాక మళ్లీ మొదటి గడి దగ్గరికి రండి, రెండో వరసలో రాయండి.

తప్పు ఆటగాడు సర్వీసుకు వచ్చాడని కనిపిస్తే స్కోరర్ ముందుగా హెచ్చరించకూడదు. బాలు కొట్టాకే చెప్పాలి. ఒకవేళ ఆలస్యంగా గమనించారనుకోండి. స్కోరు సోంపేట 9, టెక్కలి 8 ఉన్నప్పుడు సోంపేట 11 నంబరువాడు చెయ్యాల్సిన సర్వీసు 9 నంబరువాడు చేశాడు, వరుసగా మూడు పాయింట్లు కొట్టాడు, 12-8 అయింది. అప్పుడు స్కోరర్ చూశాడు. తప్పు మొదలయ్యాక వచ్చిన ఆ మూడు పాయింట్లూ పోతాయి, సోంపేట తిరిగి 9కి వస్తుంది. టెక్కలికి ఒక పాయింటు, సర్వీసు. స్కోరు 9-9, సోంపేట వాళ్లు తమ వరస సరిచేసుకోవాలి. మధ్యలో టెక్కలి కొట్టుకున్న పాయింట్లు ఉంటే అవి అలాగే ఉంటాయి. తప్పు ఎప్పుడు మొదలైందో పుస్తకంలో తేలకపోతే పాత పాయింట్లు కొట్టెయ్యడానికి లేదు, అవతలి జట్టుకు ఒక పాయింటు, సర్వీసు ఇచ్చి ముందుకు పోవడమే. గడులు నింపని స్కోరర్ వల్ల ఒక జట్టు మూడు పాయింట్లు నష్టపోవచ్చు. అందుకే ఆ బల్ల దగ్గర మంచి రాతగాడికన్నా చూపు తిప్పనివాడు కావాలి, పక్కన మైకులో కామెంటరీ చెప్పేవాడు అసలే వద్దు.

నిలబడే వరస

సర్వీసు బాలు కొట్టే క్షణంలో రిసీవ్ చేసే జట్టు తమ వరసలో ఉండాలి. 4 కన్నా కుడికి 3, 3 కన్నా కుడికి 2. వెనక 5, 6, 1 కూడా అంతే. ముందు వరసవాడు తన వెనకవాడికన్నా నెట్టుకు దగ్గరగా ఉండాలి. పాదాలను బట్టి చూస్తారు, తలనో భుజాన్నో బట్టి కాదు. బాలు కొట్టాక ఎవరు ఎక్కడికి పరిగెత్తినా అభ్యంతరం లేదు. 2025 నుంచి సర్వీసు చేసే జట్టుకు ఈ కట్టుబాటు తీసేశారు, వాళ్లు ఎక్కడైనా నిలబడవచ్చు. వంతు ప్రకారం సర్వీసు చెయ్యడం మాత్రం మారలేదు.

విజిల్ వెయ్యాల్సిన తప్పులు

విజిల్ వేశాక 8 సెకన్లలో సర్వీసు చెయ్యాలి. విజిల్‌కు ముందే కొట్టేస్తే పాయింటు పోదు, మళ్లీ చేయించాలి. కొట్టేటప్పుడు, ఎగిరి కొట్టేవాడైతే ఎగిరేటప్పుడు, వెనక గీత తొక్కితే తప్పు.

జట్టుకు మూడు టచ్‌లు. బ్లాక్‌లో తగిలింది ఇందులో లెక్కకు రాదు, బ్లాక్ చేసినవాడే మళ్లీ మొదటి టచ్ తీసుకోవచ్చు. ఒకడే వరసగా రెండుసార్లు తాకితే డబుల్. అయితే జట్టు మొదటి టచ్‌లో, ఒకే కదలికలో చేతికీ ఛాతీకీ తగిలితే తప్పు కాదు. మన లిఫ్టర్లు, అంటే స్మాష్‌కు బాలు లేపి ఇచ్చేవాళ్లు, తడబడేది రెండో టచ్‌లో. బాలు పట్టి విసిరితే హోల్డింగ్.

బాలు ఆడే కదలికలో రెండు యాంటెన్నాల మధ్య నెట్టును తాకితే తప్పు. నడి గీత విషయంలో కుర్రాళ్లు అరిచేదానికీ నిబంధనకూ చాలా దూరం. పాదం కొంత అవతలికి పోయినా, మిగతాది గీత మీదో గీత పైనో ఉంటే తప్పు కాదు. పాదం మొత్తం దాటితేనే విజిల్.

వెనక వరసవాడు అటాక్ లైను వెనక నుంచి ఎగిరి కొట్టవచ్చు. లైను తొక్కి గానీ దాటి గానీ ఎగిరి, నెట్టు పైన ఉన్న బాలును అవతలికి కొడితే తప్పు. జట్టులో ఒక ఆరడుగుల స్మాషర్ ఉంటే వాణ్ని రొటేషన్ తిరక్కుండా ఎప్పుడూ నెట్టు దగ్గరే ఉంచాలని చూసే ఊళ్లున్నాయి. రెండో రిఫరీ కళ్లు అక్కడే ఉండాలి.

ర్యాలీ మధ్యలో పక్క కోర్టు బాలు దొర్లుకొచ్చినా, ఇద్దరూ ఒకేసారి తప్పు చేసినా పాయింటు లేదు, మళ్లీ ఆడించండి.

టైమవుట్లు, మార్పులు

సెట్టుకు జట్టుకు రెండు టైమవుట్లు, ఒక్కోటి 30 సెకన్లు. మార్పులు సెట్టుకు ఆరు. మొదట ఆడినవాడు ఒకసారి బయటికి వెళ్లి ఒకసారి తిరిగి రావచ్చు, అదీ తన స్థానంలోకే. ప్రతి మార్పూ, అప్పటి స్కోరూ రాసుకోవాలి.

లిబెరో వేరే రంగు చొక్కా వేసుకుని వెనక వరసలో ఆడే డిఫెన్స్ ఆటగాడు. వాడు వచ్చి పోవడం ఆ ఆరు మార్పుల్లోకి రాదు. బ్లాక్ చెయ్యకూడదు, నెట్టుకన్నా ఎత్తున ఉన్న బాలును అవతలికి కొట్టకూడదు. అటాక్ లైను ముందు నిలబడి వేళ్లతో పైకి లిఫ్ట్ ఇస్తే, ఆ బాలును నెట్టు పై నుంచి స్మాష్ కొట్టకూడదు. రెండు రంగుల చొక్కాలు లేని ఊరి జట్లకు లిబెరో లేకుండా ఆడించడమే సుఖం.

కార్డులు, కరెంటు

పసుపు కార్డు హెచ్చరిక, పాయింటు పోదు. ఎర్ర కార్డుకు అవతలి జట్టుకు పాయింటు, సర్వీసు. రెండు కార్డులూ ఒకే చేతిలో కలిపి చూపిస్తే ఆ సెట్ నుంచి బయటికి, రెండు చేతుల్లో విడివిడిగా చూపిస్తే మ్యాచ్ నుంచే. ఫుట్‌బాల్ చూసే అలవాటుతో ఎర్ర కార్డు చూడగానే బయటికి నడిచేవాళ్లున్నారు, పిలిచి నిలబెట్టండి.

ఫ్లడ్‌లైట్లు ఆరిపోతే ఆ సెకనులోనే స్కోరు, సర్వీసు ఎవరిదో, కోర్టులో ఎవరున్నారో రాసేసుకోండి. మొత్తం ఆగింది 4 గంటల్లోపు అయి, అదే కోర్టులో మొదలుపెడితే అదే స్కోరు నుంచి, అదే ఆటగాళ్లతో సాగుతుంది. వేరే కోర్టుకు మారితే ఆగిన సెట్ రద్దయి మొదటి నుంచి ఆడాలి, అయిపోయిన సెట్లు అలాగే ఉంటాయి. 4 గంటలు దాటితే మ్యాచ్ మొత్తం మళ్లీ.

ఆరుగురు లేని జట్టు ఆడలేదు. మధ్యలో గాయమై మార్చడానికి మనిషి లేకపోతే, అవతలివాళ్లకు గెలవడానికి కావాల్సిన పాయింట్లు, సెట్లు ఇచ్చి ముగిస్తారు. వీళ్లు అప్పటికి సాధించినవి వీళ్లవే. అసలు రాని జట్టు 0-3తో, ప్రతి సెట్ 0-25తో ఓడినట్టు.

లీగు పట్టిక

లీగులో 3-0, 3-1తో గెలిస్తే 3 పాయింట్లు, ఓడినవాళ్లకు సున్నా. 3-2 అయితే గెలిచినవాళ్లకు 2, ఓడినవాళ్లకు 1. ర్యాంకుకు ముందు గెలిచిన మ్యాచులు, తర్వాత ఈ పాయింట్లు, తర్వాత గెలిచిన సెట్లను ఓడిన సెట్లతో భాగించిన నిష్పత్తి, ఆ తర్వాత ఆట పాయింట్ల నిష్పత్తి చూస్తారు.

నాలుగు జట్ల పూల్ తీసుకుందాం. కవిటి మీద మందస 3-2తో గెలిచింది. మందస మీద సోంపేట 3-1తో, సోంపేట మీద కవిటి 3-2తో గెలిచాయి. టెక్కలి మూడూ ఓడింది: మందసతో 0-3, సోంపేటతో 0-3, కవిటితో 1-3. మూడు జట్లకు రెండేసి గెలుపులు. పాయింట్లు చూస్తే సోంపేటకు 3, 1, 3 కలిపి 7. కవిటికి 2, 1, 3 కలిపి 6. మందసకు 2, 0, 3 కలిపి 5. సెమీస్‌కు సోంపేట, కవిటి వెళతాయి. ఇక చూడండి, మందస కుర్రాళ్లు బల్ల దగ్గరికి వస్తారు: "ఏటి మాస్టారూ, మేం ఆళ్లని ఓడించినాం కదా, ఆళ్లెలాగ ఎలతారు?" పైగా సెట్ల నిష్పత్తి కూడా మందసదే ఎక్కువ. వాళ్లు 7 గెలిచి 5 ఓడారు, 1.4. కవిటి 8 గెలిచి 6 ఓడింది, 1.33. కానీ నిష్పత్తి దాకా వెళ్లనవసరం లేకుండానే పాయింట్ల దగ్గర తేలిపోయింది. ముఖాముఖి ఫలితం చూసేది ఇవన్నీ సమానమైతేనే. మీ టోర్నమెంటులో అదే ముందు చూడాలనుకుంటే పెట్టుకోవచ్చు, మొదటి మ్యాచుకు ముందు కెప్టెన్ల సంతకాలతో.

మ్యాచ్ అయ్యాక

స్కోరర్ ప్రతి సెట్ ఆఖరి స్కోరు, మొత్తం సెట్లు రాసి, కొట్టేసిన ఆఖరి అంకెతో సరిచూడాలి. తర్వాత స్కోరర్ సంతకం, ఆపైన ఇద్దరు కెప్టెన్లవి, చివర రిఫరీలవి. ఏదైనా తీర్పు మీద ఫిర్యాదు రాయాలనుకునే కెప్టెన్, ఆ తీర్పు వచ్చినప్పుడే మొదటి రిఫరీతో ఆ మాట చెప్పి ఉండాలి. చెప్పి ఉంటే సంతకానికి ముందు షీటు మీదే రాసే చోటివ్వండి. చెప్పకుండా, కప్పు చేజారాక వచ్చి అడిగితే ఇవ్వనక్కర్లేదు.